మ్యాట్ అల్లితే గరాటు వస్తోంది, లెక్క మాత్రం సరిగ్గానే ఉంది!

పర్లాకిమిడి_కోడలు

అందరికీ నమస్కారం. క్రోషే (కొక్కెం సూదితో దారం అల్లడం) మొదలుపెట్టి రెండు నెలలైంది. చైన్, సింగిల్, డబుల్ కుట్ల వరకూ వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు మా అత్తగారి దేవుడి గూట్లో పరచడానికి తెల్ల కాటన్ దారంతో ఒక గుండ్రటి మ్యాట్ మొదలుపెట్టాను. ప్యాటర్న్ ఏదో పాత ఇంగ్లీషు పుస్తకంలోది, మా ఆడపడుచు ఫోటో తీసి పంపింది. సూది 2 మిల్లీమీటర్లది.

మొదటి వరుసలో 6, తర్వాత 12, 18, 24... అలా ఎనిమిదో వరుసకి 48 కుట్లు. మూడుసార్లు లెక్కపెట్టాను, 48కి 48 ఉన్నాయి. అయినా అది బల్ల మీద పడుకోవడం లేదు. అంచులు పైకి లేచి గరాటులా తయారైంది. నిమ్మకాయ పెడితే సరిగ్గా కూర్చుంటోంది. నిన్న మా మరిది చూసి "వదినా, ఇది టీ వడకట్టుకోవడానికా?" అన్నాడు. విప్పేసి మళ్లీ అల్లాను, మళ్లీ గరాటే. ఫోటో పెట్టాను చూడండి.

జయపురం_ఊలుబుట్ట

నీ చెయ్యి బిగువు, అంతే. కొత్తలో అందరికీ ఇంతే. దారాన్ని చిటికెన వేలికి రెండు చుట్లు చుడుతున్నావేమో, ఒక్క చుట్టు చాలు. లేకపోతే సూది అర సైజు పెంచు.

రాయగడ_ఎడమచెయ్యి

ప్రతి వరుస చివరా స్లిప్ స్టిచ్‌తో కలుపుతున్నారు కదా? ఆ కలిపిన స్లిప్‌నే ఒక కుట్టుగా లెక్కేస్తే తెలియకుండా ఒకటి తప్పుతుంది. నేను మొదటి ఆరు నెలలూ ఈ తప్పే చేశాను. వరుసలో మొదటి కుట్టు వేయగానే దానికి ఒక పిన్నీసు గుచ్చండి. పిన్నీసు ఉన్నచోటే వరుస ముగియాలి.

పర్లాకిమిడి_కోడలు

ఊలుబుట్ట అక్కా, 2.5 సూదితో కూడా చేశాను. ఈసారి పెద్ద గరాటు వచ్చింది 😭

ఎడమచెయ్యి గారూ, పిన్నీసు పెట్టే చేస్తున్నాను. లెక్క తప్పలేదు. ఆ సంగతే అర్థం కావడం లేదు.

బరంపురం_బామ్మ

అమ్మా, ఫోటో పెద్దది చేసి చూశాను. కుట్టు చాలా పొడుగ్గా ఉంది. నువ్వు వేస్తున్నది ఏ కుట్టు?

పర్లాకిమిడి_కోడలు

డబుల్ క్రోషే బామ్మగారూ. పుస్తకంలో అదే ఉంది. సూది మీద ఒకసారి దారం చుట్టి, దూర్చి, లాగి, రెండేసి చొప్పున రెండుసార్లు తీయడం. వీడియోలో అలాగే చూపించారు.

ధర్మాబాద్_దారం

ఒక్క ప్రశ్న. ఆ పుస్తకంలో 'సింగిల్ క్రోషే' అనే మాట ఎక్కడైనా ఉందా? మొత్తం వెతికి చెప్పండి.

పర్లాకిమిడి_కోడలు

చూశాను. ఎక్కడా లేదు. డబుల్ ఉంది, ట్రెబుల్ ఉంది, హాఫ్ ట్రెబుల్ ఉంది. సింగిల్ లేదు. అదేంటండీ?

ధర్మాబాద్_దారం

అయితే దొంగ దొరికాడు 😄

మీ పుస్తకం ఇంగ్లండ్‌ది, మీ వీడియో అమెరికాది. రెండు దేశాల్లోనూ కుట్లు అవే, పేర్లే వేరు. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్ని ఇంగ్లండ్ వాళ్లు డబుల్ అంటారు. అమెరికా డబుల్ ఇంగ్లండ్‌లో ట్రెబుల్. అమెరికా హాఫ్ డబుల్ అక్కడ హాఫ్ ట్రెబుల్. ఇంగ్లండ్ పుస్తకాల్లో 'సింగిల్' అనే మాట మామూలుగా కనబడదు. అందుకే ఆ మాట వెతకమన్నాను. కుట్టు వదిలెయ్యమనడానికి 'మిస్' అని రాస్తే ఇంగ్లండ్ పుస్తకం, 'స్కిప్' అని రాస్తే అమెరికాది. కుట్ల బిగువుకి అమెరికా వాళ్లు 'గేజ్' అంటారు, ఇంగ్లండ్ వాళ్లు మనలాగే 'టెన్షన్' అంటారు.

అంటే మీ పుస్తకం పొట్టి కుట్టు వేయమంది, మీరు పొడుగు కుట్టు వేశారు. లెక్క సరే, కుట్టే వేరు.

ఈ గొడవలన్నీ ఎందుకని నేను మరాఠీ పేర్లే వాడతాను. మా పక్కింటి కాకూ దగ్గర నేర్చుకున్నాను. చైన్‌ని సాఖళీ అంటారు, మన పొడుగు డబుల్‌ని ఖాంబ్ అంటారు, స్తంభం అని. చూడ్డానికి అలాగే నిలబడి ఉంటుంది కదా. పొట్టి సింగిల్‌ని ముకా ఖాంబ్ అంటారు, అంటే మూగ స్తంభం! మా ఇంట్లో అందరం "రెండు మూగవి, ఒక స్తంభం" అనుకుంటూ అల్లుతాం. ఎవరైనా వింటే గుడి కడుతున్నామనుకుంటారు.

రాయగడ_ఎడమచెయ్యి

మూగ స్తంభం 😂 ఇవాళ్టినుంచి నేనూ అదే.

పర్లాకిమిడి_కోడలు

అయ్యో! రెండు వారాలు పోయాయి. కానీ ఒక్క సందేహం. పొడుగు కుట్టు వేస్తే మ్యాట్ పెద్దది రావాలి గానీ గరాటు ఎందుకొస్తుంది?

గుణుపూర్_మాస్టారు

నేను అల్లేవాణ్ణి కాదు. మా ఆవిడ అల్లుతుంది, నేను ఈ వేదిక చదివి ఆవిడకి వినిపిస్తాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న వదల్లేకపోయాను.

వృత్తం చుట్టుకొలత 2πr. మీరు ఒక వరుస అల్లితే వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. కాబట్టి చుట్టుకొలత ఎప్పుడూ 2π రెట్లు ఆ ఎత్తు పెరగాలి, అంటే దాదాపు 6.28 రెట్లు. సింగిల్ కుట్టు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. అందుకని వరుసకి 6 కుట్లు పెంచితే అది బల్లపరుపుగా ఉంటుంది. ఆ 6 ఎవరో పెట్టిన నియమం కాదమ్మా, πలోంచి వచ్చింది. నాలుగో వరుసైనా, నలభయ్యో వరుసైనా ఆరే.

డబుల్ ఎత్తు సుమారు రెట్టింపు. అప్పుడు వరుసకి 12 పెరగాలి. మీరు ఆరే పెంచారు. కావలసిన చుట్టుకొలతలో సగమే ఉంది. గుండ్రటి కాగితం తీసుకుని సగానికి కత్తిరించి, ఆ సగం ముక్క అంచులు రెండూ కలిపి అతికించి చూడండి. పల్లీలు పోసిచ్చే పొట్లం వస్తుంది. మీ మ్యాట్ అదే.

పర్లాకిమిడి_కోడలు

మాస్టారూ, పాత దినపత్రికతో ఇప్పుడే చేసి చూశాను. అచ్చం అదే ఆకారం! మరి ఎక్కువ పెంచితే?

గుణుపూర్_మాస్టారు

కోడిజుట్టు పువ్వు చూశారా? మన దొడ్లలో ఎర్రగా, మడతలు మడతలుగా ఉంటుంది. అలా వస్తుంది. అంచు ఎక్కువై పట్టే చోటు లేక ముడతలు పడుతుంది. ఆ ఆకారాన్ని గణితంలో హైపర్‌బోలిక్ తలం అంటారు. దాన్ని చేత్తో పట్టుకుని చూసేలా చెయ్యడం ఎలా అని గణితవేత్తలు చాలాకాలం తంటాలు పడ్డారు. 1997లో దైనా తైమిన్యా అనే లాత్వియా దేశపు గణితవేత్త అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉండగా క్రోషే సూదితో అల్లి చూపించింది. ప్రతి ఇన్ని కుట్లకి ఒకటి పెంచు అని ఒకే నిష్పత్తి పెట్టుకుని అల్లుకుంటూ పోవడమే. ఈ సంగతి చెప్తే మా ఆవిడ "నేను పెళ్లికి ముందే తప్పుగా అల్లి అది చేశాను, నాకెవరూ పేరు పెట్టలేదు" అంది.

జయపురం_ఊలుబుట్ట

ఒప్పుకుంటున్నాను, చెయ్యి బిగువు కాదు. కానీ మాస్టారూ, అందరి చేతిలోనూ సింగిల్ చదరంగా రాదు. నా సింగిల్ కాస్త పొడుగ్గా వస్తుంది, నేను లూప్ పైకి లాగుతాను. ఊలు టోపీలకి నేను 7తో మొదలుపెడతాను. హాఫ్ డబుల్ అయితే 8తో. లెక్క దారి చూపిస్తుంది గానీ, మూడో వరుసకి ఒకసారి బల్ల మీద పెట్టి అరచేత్తో నొక్కి చూసుకోవాల్సిందే.

గుణుపూర్_మాస్టారు

నిజమే. 'ఇంచుమించు' అన్నది అందుకే.

బరంపురం_బామ్మ

ఈ లెక్కలు నాకు తెలీవు గానీ, చేతికి తెలుసు. మా పుట్టిల్లు పాలకొల్లు దగ్గర. నరసాపురం చుట్టుపక్కల మా చిన్నప్పుడు అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లో దారం ఉండేది. దొరల కాలంలో మిషనరీల ద్వారా వచ్చిన పని అది. ఆ నరసాపురం లేసుకి 2024లో జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు వచ్చింది, సంతోషం. అక్కడ ఒకే మనిషి మొత్తం అల్లదు. ఒకరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. ఇంకొకరు ఆ పువ్వులన్నీ కలుపుతారు, అది అతుకుపని. నేను పన్నెండేళ్లకి పువ్వులు అల్లేదాన్ని, మా అప్ప అతుకు వేసేది. ఎవరిదో ఒక్క పువ్వు వదులుగా ఉంటే మొత్తం గుడ్డ గుంజుకుపోయేది. మా అప్ప ఆ పువ్వు చూసి ఎవరు అల్లారో పేరు చెప్పేది. అంటే చేతిరాతలాగే అమ్మా, ఎవరి కుట్టు వాళ్లదే.

నీకు చెప్పేది ఒకటి. కుట్టు పేరుని నమ్ముకోకు. బొమ్మ చూసి, ఎన్నిసార్లు దారం చుట్టాలో చదివి అల్లు. పాత పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఏ కుట్టు ఎలా వేయాలో రాసి ఉంటుంది. మీ ఆడపడుచు ఆ పేజీ ఫోటో తీయలేదు, అంతే జరిగింది.

పర్లాకిమిడి_కోడలు

అడిగాను బామ్మగారూ. "ఆ పేజీలో బొమ్మ లేదుగా, ఎందుకులే అనుకున్నాను" అంది 🙏

రాయగడ_ఎడమచెయ్యి

కొంచెం పక్కదారి పడుతున్నాను, క్షమించాలి. మీది పర్లాకిమిడి కాబట్టి చెప్తున్నాను. అక్కడ కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు కదా. పోయిన ఏడాది ఒక పనివాడి దగ్గరికి నా అల్యూమినియం సూది పట్టుకెళ్లి, ఇలాంటిది కొమ్ముతో చేసిపెట్టమన్నాను. ఆయన ఎప్పుడూ చేయలేదట. మొదటిది కొంగ ముక్కులా సూటిగా చేశాడు, దారం పట్టలేదు. రెండోదానికి కొక్కెం లోతు సరిపోయింది గానీ అంచు పదునుగా ఉండి ఊలు పోగులు చీల్చేసింది. ఆయన పక్కనే కూర్చుని నేను రెండు వరుసలు అల్లి చూపించాను. ఎక్కడ పట్టుకుంటోందో ఆయన బొటనవేలితో తడిమి, సన్నటి ఉప్పుకాగితంతో అక్కడొక్కటే రుద్దాడు. మూడోది అద్భుతం. నల్లగా, నున్నగా, చేతిలో వెచ్చగా ఉంటుంది. వర్షాకాలంలో అల్యూమినియం సూదికి చెమట చేతులతో ఊలు కిర్రుమని పట్టేస్తుంది చూడండి, దీనికి ఆ బాధ లేదు.

సూది కొనేటప్పుడు కూడా ఇదే చూడాలి. కొక్కెం అంచుని కింది పెదవికి రాసుకుని చూడండి. గీసుకుంటే ఆ సూది వద్దు.

జయపురం_ఊలుబుట్ట

పెదవికా! మేం పాత పట్టుచీర కొంగు మీద లాగి చూస్తాం. పోగు లేస్తే వద్దు.

బరంపురం_బామ్మ

పట్టుచీర మీదా? ఎవరి చీర మీద? మా బరంపురం పట్టు మీద మాత్రం లాగకు తల్లీ.

పర్లాకిమిడి_కోడలు

వారం తర్వాత వచ్చాను. మూగ స్తంభంతో మళ్లీ మొదలుపెట్టాను. బల్లపరుపుగా పడుకుంది! ఫోటో పెట్టాను. కానీ ఇప్పుడు గుండ్రంగా లేదు, ఆరు మూలలు వచ్చాయి. తేనెపట్టు గదిలా ఉంది. నాకే ఎందుకిలా?

ధర్మాబాద్_దారం

మీకే కాదు, అందరికీ వస్తుంది. పెంపులు, అంటే ఒకే కుట్టులో రెండు వేసే చోట్లు, ప్రతి వరుసలోనూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అక్కడే మూల తేలుతుంది. వరుస తప్పించి వరుసలో వాటిని పక్కకి జరపాలి.

ఉదాహరణకి 24 నుంచి 30కి వెళ్లే వరుస. మామూలుగా అయితే 3 మామూలు కుట్లు, 1 పెంపు, అలా ఆరుసార్లు. బదులుగా ముందు 2 మామూలు కుట్లు వేసి ఒక పెంపు వేయండి. తర్వాత 3 కుట్లు ఒక పెంపు చొప్పున ఐదుసార్లు. చివర మిగిలిన 1 మామూలు కుట్టు. కుట్లు అవే 30, పెంపులు మాత్రం జరిగాయి. తర్వాతి వరుస మామూలుగా, ఆ పై వరుస మళ్లీ ఇలా. మూలలు కనబడవు.

రాయగడ_ఎడమచెయ్యి

ఇంకొకటి. మధ్యలో రంధ్రం పెద్దదవుతోందా? ఫోటోలో అలా అనిపిస్తోంది. మ్యాజిక్ రింగ్ (మొదట్లో వేసి బిగించే దారం ఉచ్చు) వేసి తోక, అంటే మిగిలిన దారం కొస, చిన్నగా కత్తిరిస్తే, ఉతికిన రోజున ఊడుతుంది. తోక జానెడు వదిలి, మొద్దు సూదితో మధ్య కుట్ల చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పి, వెనక్కి తిరిగి ఇంకొన్ని కుట్లలోంచి తీయాలి. వెనక్కి తిరగడమే ముఖ్యం, ఒకే దిక్కులో లాగితే జారిపోతుంది.

నాలా ఎడమచేతి వాళ్లు ఎవరైనా చదువుతుంటే: ఫోన్లో వీడియోని అద్దంలోలా తిప్పి చూడండి. నేను మొదటి మూడు నెలలు ఫోన్‌ని మా అమ్మ డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ముందు పెట్టి నేర్చుకున్నాను. నీకేం పట్టింది రా అని ఇంట్లో భయపడ్డారు.

సిరొంచ_చిట్టి

నాకు చతురస్రం అల్లితే ఒక వైపు సన్నబడుతోంది. ఇక్కడ అడగొచ్చా?

ధర్మాబాద్_దారం

అడగండి. డబుల్ అయితే వరుస మొదట 3 చైన్లు వేస్తారు కదా, ఆ మూడు చైన్లే ఒక స్తంభం లెక్క. వెనక్కి తిరిగి వచ్చినప్పుడు ఆఖరి కుట్టు ఆ చైన్ల నెత్తిన వేయాలి. కొత్తవాళ్లు దాన్ని చూడక ముందు కుట్టులోనే ఆపేస్తారు. వరుసకి ఒకటి తగ్గిపోతుంది. మూడో చైన్‌కి రంగు దారం ముక్క కట్టండి, కనబడుతుంది. సింగిల్‌కి మాత్రం ఒక్క చైన్, అది లెక్కలోకి రాదు.

సిరొంచ_చిట్టి

అదే జరిగింది. 20తో మొదలైంది, ఇప్పుడు 13 😑

జయపురం_ఊలుబుట్ట

దారం కొనేటప్పుడు ఒక మాట. మొత్తానికి సరిపడా ఒకేసారి కొనండి, ప్రతి ఉండ చీటీ మీద లాట్ నంబరు (ఒకే విడతలో రంగు అద్దినవాటికి వేసే నంబరు) ఒకటేనా చూడండి. రెండేళ్ల కిందట ఒక పిల్లాడి స్వెట్టర్‌కి ఊలు చాలక మళ్లీ తెప్పించాను. "అదే రంగమ్మా" అన్నాడు దుకాణదారు. ట్యూబ్‌లైటు కింద అదే రంగు. తెల్లారి ఎండలో చూస్తే ఒక చెయ్యి ఆకుపచ్చ, ఇంకో చెయ్యి చిలకపచ్చ. దుకాణం పేరెందుకులే, చీటీ చూసుకోకపోవడం నా తప్పు.

మాకిక్కడ కోరాపుట్ వైపు చలి గట్టిది కాబట్టి ఊలు నడుస్తుంది. బరంపురం, పర్లాకిమిడి ఉక్కకి పసిపిల్లలకి యాక్రిలిక్ టోపీ పెట్టకండి, కాటన్ అల్లండి. బొమ్మలు అల్లితే మూడేళ్లలోపు పిల్లలకి గుండీ కళ్లు వద్దు, ఊడదీసి మింగుతారు. నల్ల దారంతో కళ్లు కుట్టేయండి.

బరంపురం_బామ్మ

పర్లాకిమిడి అమ్మాయీ, మ్యాట్ అయ్యాక గంజి పెట్టడం మర్చిపోకు. సగ్గుబియ్యం పల్చగా కాచి, వడగట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు మ్యాట్ ముంచి పిండు. మెలిపెట్టి పిండకు, అరచేతుల మధ్య నొక్కు. పరుపు మీద పాత దుప్పటి మడిచి పరిచి, దాని మీద మ్యాట్ పెట్టి, మధ్య నుంచి బయటికి లాగుతూ గుండుసూదులు గుచ్చు. ముందు ఎదురెదురుగా నాలుగు, తర్వాత వాటి మధ్య నాలుగు, అలా. ఒక వైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ గుచ్చుకుంటూ పోతే ఒంకర వస్తుంది. తుప్పు పట్టని సూదులే వాడు. నేనొకసారి పెళ్లివారి టేబుల్ గుడ్డకి పాత సూదులు గుచ్చాను, తెల్లారేసరికి చుట్టూ గోధుమరంగు చుక్కలు. డిజైన్ అని చెప్పి ఇచ్చేశాను.

గంజి పెట్టినదాన్ని ఏళ్లతరబడి పెట్టెలో దాచకు, పురుగు పడుతుంది. దాచేటప్పుడు ఉతికి దాచు.

రాయగడ_ఎడమచెయ్యి

"డిజైన్ అని చెప్పి ఇచ్చేశాను" 😂😂 బామ్మగారూ!

బరంపురం_బామ్మ

వాళ్లకి నచ్చింది నాయనా.

పర్లాకిమిడి_కోడలు

మ్యాట్ అయిపోయింది! చివర విసనకర్ర అంచు వేశాను, ఆ వరుసలో ట్రెబుల్ అంటే స్తంభం అని గుర్తుపెట్టుకుని. గంజి పెట్టి, సూదులు గుచ్చి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టాను. నిన్న సాయంత్రం దేవుడి గూట్లో పరిచాం. మా అత్తగారు ఏమీ అనలేదు గానీ పక్కింటావిడని పిలిచి చూపించారు.

మొదటి గరాటుని పారెయ్యలేదు. గూట్లో ఉన్న ఇత్తడి చిన్నికృష్ణుడికి టోపీగా సరిపోయింది. మా మరిదే పెట్టాడు. దాని కొసకి నెమలీక గుచ్చుదామంటున్నాడు.

గుణుపూర్_మాస్టారు

శంకువు సార్థకమైంది.

బరంపురం_బామ్మ

బాగుందమ్మా. దాని మీద దీపం కుంది మాత్రం పెట్టకు, నిప్పుతో ఆటలొద్దు. దీపాన్ని పక్కన పెట్టు, కింద ఇత్తడి పళ్లెం ఉండాలి. తెల్ల కాటన్ మీద నూనె పడితే అంత తొందరగా పోదు.

పర్లాకిమిడి_కోడలు

బామ్మగారూ... నిన్న సాయంత్రమే పడింది. నువ్వుల నూనె, రూపాయి బిళ్లంత.

బరంపురం_బామ్మ

నీళ్లు తగలనిచ్చావా?

పర్లాకిమిడి_కోడలు

ఇంకా లేదు.

బరంపురం_బామ్మ

మంచిపని చేశావు. పిల్లల పౌడరు మందంగా చల్లి, పైన ఒక పాత గుడ్డ వేసి, బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే పాత పళ్లబ్రష్షుతో దులుపు. ఇంకా ఉంటే మళ్లీ చల్లు. ఆ తర్వాతే సబ్బు. గంజి మళ్లీ పెట్టుకోవాల్సిందే.